మాసమ్మ ముఖం మీద నా పెన్సిలు

1987వ సంవత్సరం. మక్తల్ బస్టాండు దగ్గర మా ఆయన ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఆయన ఫోటోలు తీసేవారు. వెనక గదిలో, పరదా అవతల కూర్చుని నేను రీటచింగ్ చేసేదాన్ని. ముఖం మీది గుంటలూ మచ్చలూ నెగెటివ్‌లో తేటగా కనిపిస్తాయి. ఆ చోట సన్నటి పెన్సిలుతో చుక్కలు పెడితే ప్రింటులో అవి మాయమవుతాయి. మొటిమలు, కళ్ల కింద నలుపు, నుదుటి ముడతలు అన్నీ తీసేసేదాన్ని. పెద్దమనుషులకైతే పదేళ్లు తగ్గించేదాన్ని. ఊళ్లో సగం మందికి కొత్త ముఖాలు ఇచ్చాను. వాళ్లలో నన్ను చూసినవారు మాత్రం తక్కువ.

దీపావళి వెళ్లాక మాసమ్మ అనే ఆమె వచ్చి ఒక ఫోటో తీయించుకుంది. ముప్పై ఏళ్లు ఉండవు. మేస్త్రీ వెంట ఎక్కడో దూరాన కాలువ పనికి పోతోంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క గుంటా పూడ్చాను. అంత నున్నటి ముఖం ఆ ఏడాది ఇంకొకటి చేయలేదు. పనితనం చూసుకుని మురిసిపోయాను.

ఫోటో చేతికివ్వగానే ఆమె అటూ ఇటూ తిప్పి చూడటం పరదా సందులోంచి కనిపించింది.

“గీమె ఎవరు సాబ్?”

“నువ్వే. మంచిగ చేసినం,” అన్నారు మా ఆయన.

“నా మచ్చలేవి?”

“తీసేసినం. అందరు తీయమనే అడుగుతరు.”

“నేనడిగిన్నా? తీసినాయన్ని పిలువు.”

నెత్తి మీద కొంగు కప్పుకుని బయటికి వచ్చాను. ఆడమనిషిని చూసి ఆమె గొంతు తగ్గించింది.

“అక్కా, నా బిడ్డకు రెండేండ్లు. మా అమ్మకాడ ఇడిసిపోతున్న. తొమ్మిది నెల్లు రాను. గీ గుంటలు తడుముకుంటనే అది నిద్రపోతది. గీ నున్నటామెను సూపెట్టి ‘మీ అమ్మ’ అంటే నమ్ముతదా?”

కూలీలను తీసుకుపోయే లారీ ఇంకో గంటలో పోతుందట. మళ్లీ తీసి, నెగెటివ్ కడిగి ఆరబెట్టాలంటే పూట పడుతుంది. ఉన్న నెగెటివ్ మీది పెన్సిలే తుడవాలి. టర్పెంటైన్‌లో తడిపిన దూదితో రుద్దాలి. గీత పడితే ఆ ఒక్కటీ పోతుంది.

“మచ్చలతోని ఫోటో బయటికి పోతే మన పేరు పోతది,” అని గొణిగారు మా ఆయన.

“ముఖం ఆమెది కదా,” అన్నాను. ఆయన వెళ్లి డార్క్‌రూంలో ఎర్రబల్బు వేశారు.

ఊపిరి బిగబట్టి తుడిచాను. ప్రింటు కాగితాన్ని మందునీళ్ల ట్రేలో వేశాం. ముందు కళ్లు తేలాయి, తర్వాత బుగ్గలు, వాటి మీద గుంటలన్నీ ఒక్కొక్కటే వచ్చి వాటి జాగాలో కూర్చున్నాయి. రెండు రోజులు ఆ ముఖం మీదే వంగి ఉన్నాను గానీ ఆమెను చూడనేలేదు. ఎంత నిబ్బరం ఆ చూపులో! రోగం వచ్చి తిరిగిపోయిన ముఖం, బతికి నిలిచిన ముఖం. మా స్టూడియోలో అంత గొప్ప ముఖం నేను అంతవరకు చూడలేదు. మా ఆయన కూడా ట్రే మీది నుంచి తల ఎత్తలేదు.

“ఆ... గిది నేను,” అంది మాసమ్మ. తడి ఆరీ ఆరని ఫోటోను కాగితంలో చుట్టుకుని, లారీ దగ్గర సాగనంపడానికి వచ్చిన వాళ్లమ్మ చేతికివ్వడానికి పరుగెత్తింది.

వానలు మొదలయ్యాక బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

“గుర్తుపట్టిందా?” అని ఆత్రంగా అడిగాను.

“వచ్చిన్నాడు దగ్గరికి రాలే అక్కా. మా అమ్మ ఎనకనే దాక్కున్నది. రాత్రి పక్కల పండుకున్నంక బుగ్గ తడిమి, ‘ఫోటోల ఉన్న అమ్మ’ అన్నది.”

అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు ఏది తీయాలి, ఏది ఉంచాలి అని అడగడం నేర్చుకున్నాను. ఎక్కువమంది అన్నీ తీయమనే అనేవారు, తీసేదాన్ని. ఒక ముసలి పంతులు గారు మాత్రం కళ్లద్దాలు తీసి చూపించి, “ముక్కు మీద అద్దాల గుర్తు ఉండనీ బిడ్డా, గది తీస్తే నేనెట్లయిత?” అన్నారు. అడగకుండా మాత్రం మళ్లీ ఎవరి ముఖమూ మార్చలేదు.