గుమ్మానికి కట్టిన తూర్పు మడి కంకులు

వ్యవసాయ ఆఫీసుకు నేను ఇచ్చిన మూడు అర్జీలకు ఇంతవరకూ సరైన జవాబు లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు గదిలో అందరికీ టీ ఇచ్చి, నన్ను మాత్రం దాటిపోయారు. అదీ నాకు గుర్తుంది.

మాది మైపాడు వెళ్ళే దారిలో, కాలువ చివరి పొలం. రెండే మడులు. విత్తనం ఒకటే, నారు ఒకటే, నాటిన రోజు ఒకటే, ఎరువూ ఒకే చేత్తో చల్లాను. అయినా పడమటి మడిలో దుబ్బు గుప్పెట్లో పట్టదు, తూర్పు మడిలో పిలకల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆకుల కొసలు మాడిపోతాయి, కంకుల్లో దాదాపు అంతా గింజలేని తాలే. ఉన్న నాలుగు గింజలూ మరకు వేస్తే నూకలైపోతాయి. తూర్పు గట్టు అవతల, నాకు తమ్ముడి వరసయ్యే ఆయన రొయ్యల గుంట తవ్వినప్పటి నుంచీ ఇదే వరస. గుంటలో ఉప్పునీళ్ళు గట్టు కింద నుంచి నా మడిలోకి ఊరుతున్నాయి. మధ్యలో ఒక కాలువ తీసి ఆ ఊటను వాగులోకి మళ్ళిస్తే చాలు.

ఆ మాటే అడిగితే ఆయన నవ్వాడు.

“నా రొయ్యలు గట్టెక్కొచ్చి నీ వరి మేసినాయా అన్నా? ఉప్పని ఆఫీసోళ్ళను రాసియ్యమను, రేపే తవ్విస్తా.”

ఆఫీసు నుంచి ఒక సారు వచ్చిన మాట నిజమే. కానీ ఎప్పుడు? వాయుగుండం వాన మూడు రోజులు కురిసి వెలిసిన మర్నాడు. అప్పటికి పైమట్టిలో ఉప్పంతా కడుక్కుపోయింది. ఆ మట్టే సంచిలో పోసుకుని వెళ్ళి, బాగుందని కబురు పంపారు. ఎండాకాలం రండి, మడి మీద ఉప్పు సున్నం చల్లినట్టు కనిపిస్తుందని మూడో అర్జీ రాశాను. దానికీ జవాబు రాలేదు.

కోతలయ్యాక రెండు మడుల కంకులూ సాక్ష్యంగా తీసుకెళ్దామనుకున్నాను. విడిగా తీసుకెళ్తే గింజ రాలుతుందని కుచ్చుల్లాగా అల్లాను. తూర్పు కుచ్చుకు ఎర్రదారం కట్టాను.

“అట్టా అల్లితే గుమ్మానికి కట్టేదనుకుంటారు” అంది నా భార్య.

నేను వినలేదు. ఆమె అన్నట్టే అయింది. సారు కుచ్చులు చూసి మురిసిపోయారు. “పిచ్చుకలకా పెద్దాయనా, ఎంత మంచి ఆలోచన!” అంటూ నేను నోరు తెరిచేలోపే రెండింటినీ ఆఫీసు గుమ్మానికి కట్టించారు. తర్వాత ఫోనొచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. సారు క్యాంపులో ఉన్నారన్నారు. ఈసారి టీ ఇచ్చారు. తాగలేదు. గుమ్మం కింద నిలబడి పైకి చూశాను. పడమటి కుచ్చులో గడ్డి తప్ప ఏమీ మిగల్లేదు. ఎర్రదారం కుచ్చు మాత్రం కట్టింది కట్టినట్టే ఉంది. ఒక పిచ్చుక వచ్చి దాని మీద వాలింది, రెండుసార్లు పొడిచి చూసింది, ఎగిరిపోయింది.

అయ్యా, మీరు మట్టి తీసుకెళ్ళి తేల్చలేనిది మీ గుమ్మం మీద పిచ్చుకలు తేల్చేశాయి. రోజూ దాని కిందుగానే ఆఫీసులోకి వెళ్తున్నారు, ఒక్కసారి తల ఎత్తండి. ఇప్పుడు ఎండలు ముదిరాయి, నా మడి తెల్లబడింది. నాట్లలోపు వచ్చి చూసి, అది ఉప్పో కాదో కాగితం మీద రాసివ్వండి. ఎప్పుడొస్తారో చెప్పండి.