సలపని కాలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా కాట్రేనికోన వైపు మహాలక్ష్మమ్మ గారి విషయంలో మాత్రం ఆ మాట చెల్లలేదు. సెగ్గడ్డ లేచినా, అరికాల్లో ముల్లు విరిగినా, డాక్టరు గుమ్మం కన్నా ముందు ఆవిడ వంటింటి గుమ్మమే తొక్కేవాళ్లం. నా వీపు మీద గడ్డని పండించి పగలగొట్టింది ఆవిడే. అరిచినందుకు నెత్తిన మొట్టింది కూడా ఆవిడే.

గుగ్గిలం, తేనెమైనం, కొబ్బరినూనె కలిపి ఇనప మూకుట్లో నల్లబడేదాకా కాచేది. ఆ మలాం పాత పంచె పీలిక మీద రాసి, వేడి తగ్గాక అంటించేది. ఆ తరవాత ఒకటే షరతు. పట్టీ దానంతటది ఊడేదాకా ఎవరూ పీకి చూడకూడదు. చూస్తే మందు అలుగుతుందట. రోజూ పొద్దున్నే వచ్చి "సలుపుతోందా?" అని అడిగేది. సలుపుతుంటే మందు ఇంకా లాగుతోందని, సలుపు ఆగితే చీము దారి పట్టిందని ఆవిడ నమ్మకం. మా బోటివాళ్ల గడ్డల దగ్గర ఆ నమ్మకం ఎప్పుడూ తప్పలేదు. చివరికి అదే కొంప ముంచింది.

తమ్ముడు దుర్గేష్ అంటే ఆవిడకి ప్రాణం. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. వాడు రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. గట్టు మీదే పాక, పాకలో భార్య సీతారత్నం. వాడికి సుగరుంది. రొయ్యలకి టైముకి మేత వేసేవాడు గానీ, తన మాత్రలు గుర్తొచ్చినప్పుడు మింగేవాడు. చెప్పుల్లేకుండా బురదలో దిగితే బొటనవేలి కింద నత్తగుల్ల పెంకు దిగి, ముక్క లోపలే విరిగిపోయింది. వాడికి తెలియనే లేదు. గట్టు మీద నెత్తుటి అడుగులు చూసి సీతారత్నమే కేకేసింది.

గుల్ల దిగితే తెలియని కాలేం కాలు? ఆ అనుమానం ఎవరికీ రాలేదు.

"అమలాపురం తీసుకెళ్తానండి వదినగారూ," అంది సీతారత్నం.

"ఈ మాత్రం దానికి అమలాపురం ఎందుకే? ముక్కని నా మందు లాగేస్తాది," అని ఆవిడ పట్టీ వేసేసింది.

రోజూ పొద్దున్నే గట్టెక్కి అడిగేది. "సలుపుతోందా తమ్ముడూ?"

"లేదక్కా. అసలేం తెలీట్లేదు."

ఆ జవాబు వినగానే మహాలక్ష్మమ్మ గారి మొహం వెలిగిపోయేది. ఇంటికెళ్తూ దారిలో కనిపించిన వాళ్లందరికీ తమ్ముడికి నయమైపోతోందని చెప్పేది.

కొన్నాళ్లకి సీతారత్నం మళ్లీ వచ్చింది. "వాసనొస్తోందండి వదినగారూ. ఒక్కసారి తీసి చూద్దామండి."

"రొయ్యల చెరువు పక్కన వాసన రాక అత్తరొస్తాదా? ఇప్పుడు తీస్తే మందు అలుగుతాది."

జ్వరం వచ్చి దుర్గేష్ సంధి మాటలు మొదలెట్టాక సీతారత్నం ఇంకెవర్నీ అడగలేదు. పట్టీ పీకేసింది. తోలు కూడా దాంతోపాటే వచ్చింది. కింద అరికాలంతా నల్లగా ఉంది. మహాలక్ష్మమ్మ గారు అది మలామనుకుంది. తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మళ్లీ తుడిచింది. నలుపు వదల్లేదు.

సుగరు ఆ కాలి నరాల్ని ఎప్పుడో చంపేసిందని, అందుకే నొప్పి తెలియలేదని అమలాపురంలో డాక్టరు చెప్పేడు. మనిషి బతకాలంటే మోకాలి కింద తీసెయ్యాలన్నాడు. తీసేసేరు.

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఆ కోపం చూపించడానికే వెళ్లేను. మూకుడు పెరట్లో బోర్లించి ఉంది, ఆవిడ దాని పక్కన కూచుని ఉంది. అట్నించటే వెనక్కొచ్చేసేను. సీతారత్నం ఆవిణ్ణి వదినగారూ అని పిలవడం మానేసింది.

దుర్గేష్ ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఆవిడ జావ తీసుకుని బయల్దేరితే నేనూ తోడు వెళ్లేను. వాడు మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మొహమంతా చెమట.

"అక్కా, కాలు సలుపుతోందే."

"ఏ కాలురా?"

"ఆ కాలే. బొటనవేలి కింద. ఓర్చుకోలేపోతున్నానే. నీ మందు కాస్త రాయవే."

తీసేసిన కాలు కొందరికి అలా నొప్పి పెడుతుందని డాక్టరు ముందే చెప్పేడట. మహాలక్ష్మమ్మ గారికి ఎవరూ చెప్పలేదు. జావ గిన్నె కింద పెట్టింది. మోకాలి దగ్గర్నించి దుప్పటి చదునుగా ఉంది. అక్కడ మంచం మీద చెయ్యి వేసి, మెల్లిగా రాయడం మొదలెట్టింది.

"ఇక్కడేనా తమ్ముడూ?" అంది.

"ఇంకాస్త కిందకక్కా," అన్నాడు.