పాత నంబరు వెనక్కి అడిగితే

తడలో ఉద్యోగం మానేసినప్పుడు, నేను ఎనిమిదేళ్లు వాడిన ఫోన్ నంబరును కంపెనీ లాగేసుకుంది. వెనక్కిమ్మంటే మూడు నెలలు తిప్పించుకుని, ఇప్పుడది వాడుతున్న కొత్త ఉద్యోగి ఒప్పుకుంటే ఇస్తామన్నారు మహానుభావులు. ఈ రోజు నా నంబరుకే నేను ఫోన్ చేసి అతన్ని బతిమాలాను.

"తీసుకోన్నా, నాకేం లేదు. కాకపోతే పుత్తూరు నుంచి మీ నాయన దినామూ చేస్తా ఉండాడు. రేపట్నించి నేను ఎత్తనని నువ్వే చెప్పు," అన్నాడు.

వెంటనే నాయనకు చేసి, "నా కొత్త నంబరు నీ దగ్గర లేదా?" అని నిలదీశాను.

"ఉండాది లేరా. నువ్వు యాడ ఎత్తుతావు? ఆయప్పయితే మొదటి రింగుకే ఎత్తి, తిన్నావా పెద్దాయనా అంటాడు."

రేపు నంబరు నా చేతికొస్తుంది. పాపం, నాయనకే మాట్లాడే మనిషి పోతాడు. మీ నాయన చేస్తే మీరు ఎన్నో రింగుకు ఎత్తుతారో, నిజం చెప్పండి.