అన్న కోసం అడిగేవాళ్లు

పాస్‌పోర్టు ఎంక్వైరీకి పోలీసులు మా తండాకు వచ్చిననాడు నేను కలకత్తాలో ఉన్నాను. అక్కడి క్లబ్బులో చేరి రెండో సీజను. డిఫెన్స్‌లో ఎడమ పక్క ఆడేవాణ్ని. దేశపు జూనియర్ జట్టు క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. టోర్నమెంటు బయటి దేశంలో ఉంది, పాస్‌పోర్టు తొందరగా తెచ్చుకోమన్నాడు మేనేజరు. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ నా గురించి అడిగింది తక్కువట. మిగతా మాటలన్నీ అన్న గురించే.

అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. నాన్నకు అప్పట్లో కొత్తగూడెంలో బొగ్గుబాయి ఉద్యోగం కాబట్టి మేమిద్దరం క్వార్టర్స్‌లో ఆయన దగ్గరే ఉండి చదువుకున్నాం. నన్ను మొదటిసారి గ్రౌండుకు తీసుకుపోయింది అన్నే. చిన్నవాణ్నని ఎవరూ ఆటలోకి రానివ్వకపోతే "వాడు నా దిక్కు ఆడుతడు" అని తేల్చేసేవాడు. డిగ్రీ చదువుతూ, ఎండాకాలం సెలవుల్లో తండాకు వెళ్లినవాడు మళ్లీ కాలేజీకి రాలేదు. అడవిలోకి పోయిండు అన్నారు. ఆ రోజుల్లో మా వైపు ఆ మాట అంటే ఇంకేమీ విప్పి చెప్పనక్కర్లేదు.

నన్ను స్వయంగా స్టేషనుకు రమ్మన్నారని తెలిసి వచ్చాను. ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఫుట్‌బాల్ ఆడే పిలగానివి నువ్వేనా?"

"అవ్ సార్."

"దేశానికి ఆడబోతున్నవ్. మంచిదే. మీ అన్న యాడున్నడు?"

"తెల్వదు సార్."

"తెలిస్తే చెప్తవా?"

ఆయన నవ్వి టీ గ్లాసు నా ముందుకు జరిపాడు. "తాగు, చల్లారిపోతది."

బయట నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ విప్పమనలేదు.

పాస్‌పోర్టు మేం అనుకున్నదానికంటే ముందే వచ్చింది. క్లబ్బులో అందరూ సంతోషించారు. నాన్న మాత్రం ఫోన్లో, "గింత జల్దీ ఎందుకిచ్చిండ్రు?" అన్నాడు.

ఆ టోర్నమెంటులో మొదటి రెండు ఆటలూ బెంచీ మీదే కూర్చున్నాను. మూడోదాంట్లో, కుండపోత వానలో, సెకండ్ హాఫ్‌కు దింపారు. మేం ఓడిపోయాం. కానీ అవతలి వింగర్‌ను నేను కదలనివ్వలేదు. మర్నాడు తెలుగు పేపర్లో నా ఫొటో వేశారు. కింద మా తండా పేరు కూడా రాశారు.

ఆ పేరే మమ్మల్ని ముంచిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగి ఇంటికి వచ్చినప్పుడు బస్సులో కండక్టరు గుర్తుపట్టి పలకరించాడు. పాల్వంచ దాటి టేకు చెట్ల మధ్యకు వచ్చాక వెనక ఒక బైకు కనిపించింది. బస్సు ఆగిన చోటల్లా అదీ ఆగింది. తండా మలుపు దగ్గర నేను దిగగానే అది ముందుకు వెళ్లిపోయింది. తండాలో ఎవరూ ఫొటో మాట ఎత్తలేదు. పిల్లలు దగ్గరికి రాబోతే తల్లులు లోపలికి పిలుచుకున్నారు.

సాయంత్రం ఎస్సై మామూలు బట్టల్లో వచ్చాడు. మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"పేపరోళ్లను పిలుస్తం. అన్నా, వచ్చెయ్ అని నువ్వొక్క మాట చెప్పు. నీ మాట ఇంటడు."

నేను నాన్న వైపు చూశాను. "వాడు రేపే పోవాలె సార్. ఆట ఉంది," అన్నాడు నాన్న.

"పోయిరానీయ్. మేమేడికి పోతం?"

తెల్లారి బస్సుకు బయలుదేరుతుంటే పెద్దమ్మ, అన్నను కన్నతల్లి, నా సంచి సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది. "వాడు కబురు పంపిండు బిడ్డా. నిన్ను ఇటు రావద్దన్నడు. నువ్వొస్తే చూడకుండ వాడు ఆగలేడట."

వెళ్లిపోయాను. పండుగలకు కూడా రాలేదు. బాల్ కాలికి తగిలినప్పుడు తప్ప మిగతా వేళంతా ఫోను ఎప్పుడు మోగుతుందోనని ఉండేది.

మోగింది. మ్యాచ్‌కు గ్రౌండుకు బయలుదేరుతుంటే, బస్సు మెట్ల మీద.

"అయిపోయింది బిడ్డా," అన్నాడు నాన్న.

"వస్తున్న."

"రావద్దు. మీ పెద్దమ్మ గూడ గదే అంటున్నది."

ఆ రోజు ఆడాను. ఎలా ఆడానో గుర్తులేదు. బాగా ఆడానన్నారు.

పేపర్లో ఎదురుకాల్పులని రాశారు. అసలు సంగతి చలికాలంలో ఇంటికి వెళ్లాక తెలిసింది. ఆటలో నా కాలు విరిగిందనీ, ఇంటికి తెచ్చి పడుకోబెట్టారనీ ఎవరో అన్నకు కబురు చేశారట. నన్ను చూడటానికి ఒంటరిగా బయలుదేరాడు. మా చేను దాకా రానిచ్చి, పట్టుకుని కాల్చేశారంటారు. ఆ కబురు ఎవరు చేశారో తండాలో తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. నాతో అన్నం తిన్నవాళ్లలోనే ఉండొచ్చు.

పెద్దమ్మ ఏడవలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ప్యాంటు పైకి మడిచి, రెండు కాళ్లూ మోకాలి నుంచి మడమ దాకా మెల్లగా తడిమి చూసింది.

"మంచిగనే ఉన్నయ్," అంది.