పద్నాలుగో నంబరు తాళం

మొన్న బుధవారం మా ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చెప్తాను, వినండి. నా చేతుల్తో నేనే ఒక పెద్దమనిషిని పైకి పంపించబోయాను! పంపలా. నా జాగ్రత్త వల్ల పంపలేదనుకునేరు, కాదు. అంతకుముందే నేను ఇంకో తెలివితక్కువ పని చేసి ఉండబట్టి పంపలా. నవ్వమాకండి. ఇవాళ టీ తాగుతా చెప్తున్నాను గానీ, ఆ సాయంత్రం అది నవ్వులాట కాదు.

మాచర్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని గదా. మిషన్లు ఆపి రిపేర్లు చేసేటప్పుడు బయట నుంచి కాంట్రాక్టు మనుషులొస్తారు. వాళ్ళు ఎట్టా లోపలికి పొయ్యారో అట్టాగే బయటికి వచ్చేట్టు చూడటం నా ఉద్యోగం. జీతం కంపెనీ ఇస్తుంది, తిట్లు అందరూ ఇస్తారు.

మా సున్నపురాయి గుట్ట కింద ఒక సొరంగం ఉంది. ఆ సొరంగంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పెద్ద బెల్టు. పైనుంచి రాయి పడుతుంది, దాన్ని సిమెంటు కాల్చే బట్టీ దాకా బెల్టు మోసుకుపోతుంది. అది తిరిగేటప్పుడు చొక్కా అంచు తగిలినా చాలు, మనిషిని లాగేసుకుంటుంది. బుధవారం ఆ బెల్టు ఆపి, కింద అరిగిపోయిన రోలర్లు మార్చే పని పెట్టారు. వచ్చింది పదకొండు మంది. వాళ్ళ సూపర్వైజరు కోటేశ్వర్రావు. వాళ్ళ బాబాయి ఏదో ఊరికి సర్పంచి, ఆ ఇస్త్రీ చొక్కా మడత ఎండలో కూడా నలగదు.

మా రూలు చానా సింపుల్. సొరంగం బయట స్విచ్చి పెట్టె ఉంటుంది. దానికి చిల్లులున్న ఇనప పట్టీ. లోపలికి పొయ్యే ప్రతి మనిషీ ఆ పట్టీకి తన తాళం ఒకటి వేసుకుని, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని పోవాలి. బయటికొచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఒక్క తాళం మిగిలినా స్విచ్చి లేవదు, బెల్టు కదలదు. సొరంగం మొగదల మరియమ్మ కూర్చుంటుంది. కారంపూడి నుంచి వస్తుంది, ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఎవరు పోతే వాళ్ళ పేరూ తాళం నంబరూ నోటుబుక్కులో రాసుకుంటుంది, బయటికొస్తే కొట్టేస్తుంది.

పొద్దున ఎనిమిదింటికి అందర్నీ నిలబెట్టి క్లాసు పీకాను. తాళం ఎట్టా వెయ్యాలో చూపించాను. గొంతు పెంచి మరీ చెప్పాను: "తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే! దాన్ని కొయ్యటానికి ఎవడికీ హక్కు లేదు. జీఎం గారొచ్చి చెప్పినా సరే!" చప్పట్లు కొడతారేమో అనుకున్నా. ఎవరూ కొట్టలా.

మూడున్నరకి పని అయిపోయింది. పదకొండు మందీ బయటికొచ్చారు, తాళాలు తీసుకున్నారు, మరియమ్మ పేర్లు కొట్టేసింది. ఇక్కడే చూడండి నా గొప్పతనం. పాపం ఆమె అప్పటిదాకా అన్నం తినలా.

"మరియమ్మక్కా, అయిపోయింది గదా, పొయ్యి తినిరా."

"బెల్టు తిరక్కముందే ఎట్టా లేస్తాను సారూ? మనుషులు ఇంకా ఇక్కడే ఉండారు."

"నేనున్నాను గదా!"

నేనున్నానంటే ఎట్టా ఉన్నాననుకుంటున్నారు? సొరంగానికి వీపు పెట్టి, కంట్రోల్ రూమ్ వాడితో వాకీటాకీలో వాదించుకుంటా ఉన్నాను. "సార్, లోపల రాయి అయిపోవస్తంది, ఇంకో అరగంటైతే బట్టీ ఆపాలి" అని వాడు ఒకటే గోల. బట్టీ ఆగితే మళ్ళీ వేడెక్కటానికి ఎంత టైమ్ పడుతుందో, జీఎం గారు ఎంత వేడెక్కుతారో నాకు తెలుసు.

సరే, స్విచ్చి వేద్దామని పొయ్యి చూస్తే పట్టీకి ఒక తాళం వేలాడతా ఉంది. పద్నాలుగో నంబరు.

మరియమ్మ నోటుబుక్కు తిరగేశాను. పద్నాలుగు అనేదే లేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఏంది కోటేశ్వర్రావు గారూ ఇది! మీవాళ్ళు రాయించుకోకుండానే లోపలికి పోతారా?"

"మావాళ్ళు పదకొండు మంది, తాళాలు పదకొండు. పద్నాలుగు మాది కాదు సార్."

"మీది కాకపోతే నాదా?" అని అరిచాను. అక్కడున్న వాళ్ళందరికీ వినపడేట్టు అరిచాను!

ఈలోపు జీఎం గారి ఫోను. "ఏమయింది?" అన్నారు. "రెండు నిమిషాల్లో స్టార్ట్ సార్" అన్నాను. అంటే నా నోరు అనేసింది. అన్నాక ఏం చెయ్యాలి? ఎవడో తీసుకోవటం మర్చిపోయుంటాడులే అని నాకు నేనే సర్ది చెప్పుకుని, స్టోర్ నుంచి పెద్ద కట్టర్ తెప్పించాను. అవును, పొద్దున ఎనిమిదింటికి అంత ఉపన్యాసం ఇచ్చిన మనిషినే!

కట్టర్ పళ్ళ మధ్య తాళం పెట్టాను. ఇంక నొక్కటమే.

"ఏంది సారూ చేసేది?"

మరియమ్మ. క్యారేజీ గిన్నె ఒక చేతిలో, కడుక్కున్న చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"ఎవరో మర్చిపొయ్యారు అక్కా, టైమ్ లేదు."

"మర్చిపొయ్యారో, లోపలే ఉన్నారో నీకెట్టా తెలుసు?" గిన్నె కింద పెట్టి, తడి చెయ్యి తెచ్చి తాళం మీద వేసింది. "నేను పొయ్యొచ్చేదాకా నువ్వున్నానన్నావుగా. ఎవరూ పోలేదని ఒట్టేసి చెప్పు."

కట్టర్ పళ్ళు తాళం మీద నుంచి తీశాను.

"ముందు తలలు లెక్కపెట్టు సారూ."

లెక్కపెట్టాం. పది. కోటేశ్వర్రావు వేలు చూపిస్తా మళ్ళీ లెక్కపెట్టాడు. పదే. అప్పుడు చూశాను, అతని చొక్కా వీపంతా చెమటతో తడిసి అంటుకుపోయింది.

"డేవిడు ఏడి?" అన్నాడు మెల్లగా.

డేవిడంటే వాళ్ళ వెల్డరు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు ఇనుము కొట్టీ కొట్టీ చెవులు సగం పొయ్యాయి. పేరు కొట్టేసి ఉంది, ఆయన తాళం ఆరో నంబరు, అదీ తీసేసుకున్నాడు. మరి మనిషేడి? గుంపులోంచి ఒకాయన అన్నాడు: "ఇందాక కళ్ళజోడు లోపల మర్చిపొయ్యానంటా ఉన్నాడు."

బెల్టు తిరగబోయే ముందు సైరన్ మోగుతుంది. కానీ డేవిడుకి సైరన్ వినపడదు.

కట్టర్ పారేసి టార్చితో సొరంగంలోకి పరిగెత్తాను. కోటేశ్వర్రావు నా వెనకే. ఆ సొరంగం నేను వంద సార్లు తిరిగాను, అంత పొడుగు ఎప్పుడూ లేదు! దుమ్ములో టార్చి వెలుగు నాలుగు అడుగులు కూడా పోవట్లా. "డేవిడన్నా! డేవిడన్నా!" పలకడు. స్విచ్చి బయట భద్రంగానే ఉంది, మరియమ్మ కాపలా ఉంది, అయినా నాకు ఆ బెల్టు కదిలినట్టే కనపడుతుంది. నేను కట్టర్ నొక్కి ఉంటే? ఇప్పటికి రెండు నిమిషాలు అయ్యేవి. జీఎం గారికి చెప్పిన ఆ రెండు నిమిషాలు.

ఆ చివర, బెల్టు కింద, రెండు బూట్లు.

కిందికి వంగాను. బూటు పట్టుకుని గుంజాను. బూటు తన్నింది! డేవిడు బోర్లా పడుకుని, మోచేతుల మీద పాక్కుంటా బయటికొచ్చి, మూతి నిండా దుమ్ముతో నా వంక చూశాడు.

"కళ్ళజోడు దొరకలా సారూ," అన్నాడు. తర్వాత, "అంత రొప్పుతున్నావేంది? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

నేను అక్కడే రోలర్ మీద కూలబడ్డాను.  కోటేశ్వర్రావు ఆయన్ని వాటేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, దుమ్మూ, అంతా ఒకటే.

బయటికొచ్చాక మళ్ళీ సేఫ్టీ ఆఫీసర్నయ్యాను. "తాళం వేసి, పేరు రాయించుకుని గదా పోవాలి డేవిడన్నా?"

"రాయటానికి అక్క లేదుగా. రెండు నిమిషాల పనేనని..."

"సరే, పద్నాలుగు నీదే గదా, తియ్యి."

"నాది ఆరు సారూ. ఇదుగో జేబులోనే ఉంది."

 అంటే ఇంకో మనిషి లోపలున్నాడా? నలుగుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ సొరంగమంతా గాలించాం. రోలరు రోలరూ వెతికాం. ఎవరూ లేరు. డేవిడు కళ్ళజోడు మాత్రం దొరికింది.

బయటికొచ్చి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను. "ఇది ఎవరి తాళమో తేలిందాక ఒక్కడు కూడా కదలటానికి లేదు!"

మరియమ్మ నన్ను కింద నుంచి పైకి చూసింది. నా ఐడీ కార్డు దగ్గర చూపు ఆగిపోయింది.

"సారూ, నీ మెళ్ళో ఆ ఎర్ర బిళ్ళ తాళంచెవి ఏంది?"

చూసుకున్నాను. కార్డు తాడుకి తాళంచెవి. బిళ్ళ మీద పద్నాలుగు.

పొద్దున క్లాసు! తాళం ఎట్టా వెయ్యాలో చూపిస్తానని స్పేర్ డబ్బాలోంచి ఒకటి తీసి పట్టీకి వేసింది నేనే. చూపించేదే గదా, బుక్కులో ఎందుకులే అని రాయించలా. "తాళంచెవి ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి" అని మెళ్ళో వేసుకుని మరీ చూపించాను. పొద్దుట్నించీ అది నా బొడ్డు మీద గంటలాగా ఊగుతానే ఉంది!

 ముందు నవ్వింది డేవిడే. "అయితే నువ్వు మర్చిపోబట్టి నేను బతికానన్నమాట సారూ!" ఇంక అందరూ ఒకటే నవ్వు. కోటేశ్వర్రావు మాత్రం నవ్వకుండా, చానా మర్యాదగా అడిగాడు: "మాది కాదు గదా సార్?"

మెళ్ళోంచి తాళంచెవి తీసి తాళానికి పెట్టాను. మరియమ్మ పక్కన నిలబడి తీయించింది. అప్పుడు కూడా బెల్టు వెంటనే వెయ్యనియ్యలా. తలలు ఇంకోసారి లెక్కపెట్టి, పదకొండూ అయ్యాక "ఇప్పుడెయ్యి" అంది. అప్పటికే బట్టీ ఆగిపోయింది, జీఎం గారికి మొత్తం చెప్పేశాను.  "ఒక్క ముక్క దాచకుండా రిపోర్టు రాయండి" అన్నారాయన.

రాశాను. ఆ ఫారంలో "పొరపాటు ఎవరిది" అని ఒక గడి, నా పేరు. "శిక్షణ ఎవరికి అవసరం", మళ్ళీ నా పేరే. కింద "శిక్షణ ఇచ్చువారు: సేఫ్టీ ఆఫీసర్" అని వాళ్ళే అచ్చేశారు. అంటే నాకు నేనే క్లాసు చెప్పుకుని, రెండు సంతకాలూ నేనే పెట్టుకోవాలి! జీఎం గారు చూసి, ఆ అచ్చు కొట్టేసి, పైన మరియమ్మ పేరు రాశారు.

నిన్న శనివారం పదింటికి ఆమె ముందు కూర్చున్నాను. నోటుబుక్కు తెరిచి పది ప్రశ్నలడిగింది. వాటిలో తొమ్మిది ప్రశ్నలకి జవాబు బాగానే చెప్పాననుకుంటున్నాను. పాసయ్యానా అక్కా అంటే చెప్పలా, రిజల్టు సోమవారం అంది.