నడుమున కట్టుకున్న చేంతాడు

సహోదరులారా, అక్కలారా, నా పేరు ఎస్తేరమ్మ. కోట ఊరికి తూర్పున, సముద్రం పక్కనున్న ఇసుక పల్లె మాది. చుట్టూ సరుగుడు తోపులు. ఆ తోపుల నీడ ఎంత చల్లగా ఉందో అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటారు గానీ, కొన్నేళ్ళపాటు ఆ చెట్ల హోరు వినపడితే చాలు, నా చేతులు చల్లబడి, గుండె దడదడలాడి, పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా తెలిసేది కాదు. అలాంటిదాన్ని ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా గొప్ప కాదు, దేవునికే మహిమ!

మా అమ్మాయి రూతుకు అప్పుడు నాలుగేళ్ళు. నా భర్త దావీదు సరుగుడు కట్టెలు వేసుకొని పడవ మీద కాలువ వెంబడి మదరాసు వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో నేను, బిడ్డ, మా అత్తమ్మ సంతోషమ్మ, అంతే. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది, గాలి లేచింది, ఇంటి కప్పు ఆకు ఆకుగా ఎగిరిపోయింది, చూస్తూ ఉండగానే సముద్రం కట్ట దాటి మా వాకిట్లోకి వచ్చేసింది! ఏం చేయాలో తోచక బావి గిలకకున్న చేంతాడు లాక్కొని, ఇంటి వెనక తాటిచెట్టుకు ఆనుకొని, బిడ్డను నా నడుముకు కట్టుకొని, ఇద్దరినీ కలిపి చెట్టుకు చుట్టుకుంటూ, అత్తమ్మను రమ్మని చెయ్యి చాచాను. ఆమె నడుములోతు నీళ్ళలో నిలబడి, "నన్ను వదిలెయ్ మే, ముందు పాపను గట్టిగా కట్టు" అని అరిచింది. నేను ముడి బిగించి తలెత్తేసరికి ఆమె లేదు.

నీళ్ళు తీశాయి. మేము బతికాం. నా భర్త కాలువ గట్టున పడవ వదిలేసి నడిచి వచ్చి మమ్మల్ని పట్టుకొని ఏడ్చాడు. గుడిలో కృతజ్ఞత కూటం పెడితే నేనూ లేచి స్తోత్రం చెప్పాను, అందరూ హల్లెలూయ అన్నారు. బతికింది ఒళ్ళు మాత్రమేనని, నా మనసు ఇంకా ఆ తాటిచెట్టు దగ్గరే ఉందని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇల్లు మళ్ళీ కట్టుకున్నాం, బావికి కొత్త తాడు తెచ్చుకున్నాం. పాత తాడు మాత్రం నేను వదల్లేదు. దాన్ని ఎండబెట్టి, చుట్ట చుట్టి, తలగడ పక్కన పెట్టుకున్నాను. తూర్పున కాస్త మబ్బు కనపడితే చాలు, రూతు ఆడుకుంటున్నా తింటున్నా పిలిచి, ఒక కొస దాని నడుముకు, ఒక కొస నా నడుముకు కట్టేదాన్ని. వాన వెలిసేదాకా అట్లాగే కూర్చునేవాళ్ళం. గుడికి వస్తే బైబిలు ఒక చంకలో, తాడు సంచి ఒక చంకలో! పంచాయతీ సమితి వాళ్ళు కొత్తగా పెట్టిన బడిలో రూతును చేర్చినా, మబ్బు పడితే పరుగున వెళ్ళి పాఠం మధ్యలో లాక్కొచ్చేదాన్ని. పంతులు గారు విసుక్కునేవారు, పిల్లలు నవ్వేవారు. కంటికి నిద్ర లేదు, నోటికి రుచి లేదు. గాలికి తలుపు కొట్టుకున్నా అత్తమ్మ కేకే వినపడేది, గట్టిగా కట్టు, గట్టిగా కట్టు అని.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే గుండె బాగానే ఉందన్నారు, బలానికి మందిచ్చారు. సంఘపెద్దలు ఇంటికి వచ్చి ఇది పిరికి దయ్యమని నిర్ణయించి, నా తల మీద చేతులు పెట్టి ఒక పూటంతా గద్దించారు. పాపం, వాళ్ళ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ నాలో నిజంగా దయ్యమే ఉండి ఉంటే ఆ కేకలకు కోట దాకా పారిపోయి ఉండేది! మరికొందరు నాకు విశ్వాసం తక్కువన్నారు. అప్పటి నుంచి నేను భయాన్ని దాచుకోవడం నేర్చుకున్నాను, అందరికంటే గట్టిగా పాటలు పాడాను. ప్రభువు దోనెలో నిద్రపోతుంటే శిష్యులు తుఫానుకు భయపడి కేకలు వేసిన సంగతి మా పాస్టరు అయ్యగారు చెప్పినప్పుడల్లా మాత్రం, సహోదరులారా, లోపల నేను శిష్యుల పక్షమే!

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. బడికి పంపుదామని రూతుకు జడ వేసి, పలక చేతికిచ్చాను. అది పలక కింద పెట్టి, లోపలికి వెళ్ళి, ఆ తాడు తెచ్చి నా చేతికిచ్చింది.

"అమా, కట్టు."

"మబ్బు లేదు కదమ్మా, ఎందుకు?"

"వస్తే? నువ్వు బడికాడికి వచ్చే లోపలే వస్తే?"

దాని చేతులు పట్టుకొని చూశాను. చల్లగా ఉన్నాయి. అచ్చం నా చేతుల్లాగే. అయ్యో, నీళ్ళ నుంచి బిడ్డను కాపాడుకున్నాననుకున్నాను గానీ, నా భయంలోనే దాన్ని ముంచేస్తున్నానని అప్పుడు తెలిసింది!

ఆ తాడుతోనే, ఆ బిడ్డతోనే మా అయ్యగారి భార్య రాహేలమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె వసారాలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. రూతును పెరట్లో ఆడుకోమని పంపి, జరిగిందంతా మొదటిసారి నోరు తెరిచి చెప్పాను, అత్తమ్మ కేకతో సహా. ఆమె గద్దించలేదు, వాక్యం చెప్పలేదు. అంతా విని, కళ్ళు తుడుచుకొని, "ఎస్తేరూ, మీ అత్త ఆ పొద్దు చెప్పింది ఆ పొద్దుకే. నువ్వు ఆమె చెప్పినట్టే చేసినావు, పాప బతికింది. ఆ పని అయిపోయింది తల్లీ" అంది. ఆ మాటకు నాలో ఏదో తెగింది. అత్తమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. చింతపండు చాట పక్కనే మోకాళ్ళ మీద పడి ఇట్లా ప్రార్థించాను:

"ప్రభువా, అందరూ నన్ను విశ్వాసురాలంటారు, అది అబద్ధం. ఈ తాడు మీద ఉండే నమ్మకం నాకు నీ మీద లేదు. ఆ పొద్దు నువ్వు యాడున్నావో నాకు తెలవదు, తాడు మాత్రం నా నడుముకు ఉండింది. ముందు నా బిడ్డను విడిపించు సామీ, నన్ను తర్వాత చూసుకో."

పిడుగు పడలేదు, వెలుగు కనపడలేదు. రాహేలమ్మ గారు ఆమేన్ అని, "తాడు తీసెయ్యమని నేను చెప్పను. మబ్బు పట్టినప్పుడు పాపను తీసుకొని ఇక్కడికి రా, ముగ్గురం కూర్చుందాం" అంది. అట్లాగే వెళ్ళాం. మొదట్లో కట్టుకొనే కూర్చున్నాం. తర్వాత తాడు నా ఒడిలో ఉండేది, రూతు మాత్రం ఆమె పక్కన. ఆ తర్వాత తాడు చాప కిందికి పోయింది. వాన కురుస్తుంటే ఆమె పాట ఎత్తుకునేది, నేనూ కలిసి పాడేదాన్ని. ఆ వసారాలో కూర్చొని కూర్చొని, ఒకనాడు నాకు జవాబు దొరికింది. ఆ పొద్దు ప్రభువు ఎక్కడున్నాడని అడిగాను కదా, ముందు పాపను కట్టు అని తన ప్రాణం ఇచ్చిన మా అత్తమ్మ గొంతులోనే ఉన్నాడు! అన్నేళ్ళు నన్ను భయపెట్టిన కేకే ఆ రోజు నుంచి నాకు ఓదార్పయింది.

పోయిన ఏడాది వానాకాలంలో, మబ్బు పట్టి ఉండగానే రూతును బడికి పంపాను. గడపలో నిలబడి చీర కొంగు నలిపి నలిపి చింపేశాను గానీ, వెంట వెళ్ళలేదు. సాయంత్రం అది పలక నెత్తిన పెట్టుకొని, తడిసి ముద్దయి, నవ్వుకుంటూ వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు ఆ తాడు తీసుకెళ్ళి మళ్ళీ మా బావి గిలకకు వేశాను.

ఇప్పుడు భయం అసలు రాదని చెబితే అబద్ధమవుతుంది. వస్తుంది. వచ్చినప్పుడు దాచుకోను, ఇదిగో వచ్చింది ప్రభువా అని పేరు పెట్టి చెబుతాను. మీలో నాలాగా నవ్వుతూ పాడుతూ లోపల వణుకుతున్నవాళ్ళు ఉంటే, మీకు విశ్వాసం లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. ఆ వణుకుతోనే ప్రభువు దగ్గరికి రండి. ఒంటరిగా రాలేకపోతే మా ఇంటికి రండి, కలిసి కూర్చుందాం.

మొన్న ముసురు పట్టిన రోజు నేను పులుసు పెడుతుంటే, రూతు బావి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, "అమా, తాడు తెగిపోయి బావిలో పడిపోయింది" అని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏమవుతానోనని దానికి దిగులు. నేను పులుసు కలుపుతూనే, "పోనీలేమ్మా, సంతలో కొత్తది తెచ్చుకుందాం" అన్నాను. అది ఒక్క క్షణం చూసి, గట్టిగా నవ్వి, ఆ వానలోకే ఆడుకోవడానికి పరుగెత్తింది. స్తోత్రం!