సున్నం బొట్టు పెట్టిన గిటారు

మా ముత్తాత రేగొండ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన పల్లకీ వస్తుంటే ఎదురొచ్చే బండ్లు పొలంలోకి దిగి దారి ఇచ్చేవి. మా తాత షేర్వాణీ తొడుక్కుని నిజాం దర్బారుకు వెళ్లి కూర్చున్నవాడు. మా నాయిన ఏ దర్బారుకూ వెళ్లలేదు. అయినా తాలూకా కచేరీ నుంచి వచ్చిన అధికారి ఆయన పిలిచేదాకా మా గడీ అరుగు కిందే నిలబడేవాడు. నేను ఆయన కొడుకును. భూముల సీలింగు చట్టంలో పోయింది పోగా, తగాదాల్లో పోయింది పోగా, నా చేతికి వచ్చినవి భూపాలపల్లి దారిలో ఉన్న ఆ గడీ, దాని వెనక మామిడితోట, తాత బంగారు జేబు గడియారం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువునూ మేం వెళ్లి కొనం. వస్తువే మా ఇంటికి వస్తుంది. పట్టుచీరలు, తివాచీలు, షికారు తుపాకులు, అన్నీ అలాగే వచ్చాయి. ముందు చావడి అయిన సదరులో తెల్లదుప్పటి పరిచి దాని మీద పెట్టేవారు. నాయిన చూసి నచ్చితే తల ఊపేవాడు, నచ్చకపోతే కిటికీ వైపు చూసేవాడు. బేరం మా లెక్కలు రాసే మునీము చేసేవాడు. అమ్మేవాడి దగ్గర వాడి వెలుతురులో చూస్తే లోపం దాగుతుందని, మన ఇంట్లో మన వెలుతురులో చూస్తేనే బయటపడుతుందని మా అమ్మ నమ్మకం. నాదీ అదే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాడు నేను జనగామలో చదువుకుంటున్నాను. కాలేజీ మూతబడింది. రైళ్లు ఆగిపోయాయి. అద్దె గదిలో నాతో ఉన్న రైల్వే వాళ్ల అబ్బాయికి ఒక గిటారు ఉండేది. పొద్దున ఊరేగింపులో గొంతు పోయేదాకా అరిచి, మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని దాన్ని వాయించేవాళ్లం. సన్న తీగలు అతనివి, లావు తీగలు నావి. గడియ పెట్టింది నా కోసమే. మా గడీలో వాయించేవాళ్లు అరుగు కింద నిలబడితే మేం అరుగు మీద కూర్చుని వినేవాళ్లం. దొర కొడుకు వాయిస్తున్నాడన్న మాట ఊరికి చేరడం నాకు ఇష్టం లేదు.

అయినా ఒకడికి తెలిసింది. అదే ఇంట్లో పక్క గదిలో ఉండేవాడు. వాళ్ల తాత మా ఇంటి పెళ్లిళ్లకు సన్నాయి ఊదినవాడు. ఎనభైలు వచ్చేసరికి అతను జనగామలో ఒక ఆర్కెస్ట్రా పెట్టి, పెళ్లిళ్లకు, నవరాత్రి పందిళ్లకు తిప్పుతున్నాడు. ఒకరోజు గడీకి వచ్చాడు. అరుగు కింద నిలబడలేదు. నేరుగా ఎక్కి కుర్చీ లాక్కున్నాడు.

"దొరా, మా బేస్ వాయించేటాయనకు కరెంటాఫీసుల నౌకరి దొరికింది. మీరొస్తరా?"

"నేను వాయిస్తానని నీకెవరు చెప్పారు?"

"తలుపు చెప్పింది. గడియ పెడితే కండ్లకు కనబడది గని, చెవులకేం అడ్డం?"

బేస్ గిటారుకు తీగలు నాలుగే, అన్నీ లావువి. పాడేది ఎవరో, మెప్పు పొందేది ఎవరో. ఈ నాలుగు తీగలు ఆగితే మాత్రం పాట కాళ్లు విరిగినట్టు కూలబడుతుంది. ఎక్కడైనా గుమాస్తాగా చేరితే ఒకడి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. బేస్ వాయించేవాడు అందరి వెనక నిటారుగా నిలబడతాడు, వెలుతురు అతని మొహం మీద పడదు. ఆ చోటు నాకు తగినదే అనిపించింది. ఆ రోజుల్లో నాకు దొరికిన చోటు కూడా అదొక్కటే.

"గని మంచి బేస్ మీ సొంతంగ ఉండాలె," అన్నాడు. "నా దగ్గరున్నది వట్టి చెక్కపెట్టె. పెండ్లిళ్లు షురూ అయ్యేలోపల చూసుకోండ్రి. లేకుంటే హనుమకొండల ఒకడున్నడు, వాడిని పిలుచుకుంట."

ఎక్కడ దొరుకుతుందో కూడా అతనే చెప్పాడు. మానుకోటలో, అంటే మహబూబాబాదులో, రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉన్నాడట. ఆంగ్లో ఇండియన్. ఓడలో పనిచేసిన బావమరిది ఆయనకు అమెరికా బేస్ తెచ్చిపెట్టాడట. వేళ్లు బిగుసుకుపోయి ఇక వాయించలేక, కొడుకు దగ్గరికి మద్రాసు వెళ్లిపోతూ అమ్ముతున్నాడట. ఇంత వివరంగా చెప్పేవాడికి అందులో వాటా లేకుండా ఉంటుందా అనుకున్నాను.

కాజీపేటలో రైలెక్కి మానుకోటలో దిగాను. గార్డు రైలు పట్టాల పక్కన పాత పెంకుటింట్లో ఉంటున్నాడు. సామాను అప్పటికే సగం కట్టేసి ఉంది. గిటారు తెచ్చి మంచం మీద పెట్టి, నా చెప్పులు, చొక్కా, చేతులు ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. టికెట్ లేనివాడిని చూసే చూపు.

నేను గిటారును తుపాకీలా కంటికి ఆనించి మెడ పొడవునా చూశాను. వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది. లేదు. తీగను మొదటి మెట్టు మీదా చివరి మెట్టు మీదా నొక్కి మధ్యలో సందు చూశాను. కాగితం దూరేంత ఉంది, ఉండవలసినంతే. మెట్ల అంచులు బొటనవేలితో తడిమాను, ఎక్కడా గీసుకోలేదు. పన్నెండో మెట్టు దగ్గర ముట్టీముట్టకుండా మీటినా, నొక్కి మీటినా ఒకే స్వరం పలికింది. చేతికి తెలిసిన బరువు అసలు కర్రదే, అతికించిన పలకలది కాదు. ఏ లోపమూ కనబడలేదు. అదే నాకు నచ్చలేదు.

"దీన్ని యాంప్లిఫయర్‌లో పెట్టి వినాలి," అన్నాను.

"యాంప్ అమ్ముడుపోయింది సాబ్. పోయిన వారమే."

గుట్టు బయటపెట్టే వస్తువే ముందుగా అమ్ముడుపోవడం నాకు వింతగా తోచింది. "అయితే మా ఇంటికి తీసుకెళ్లి చూస్తాను," అన్నాను.

ఆయన నవ్వాడు. "గిదేమన్న కోడిపెట్టనా సాబ్? తీస్కపోయి, గుడ్డు పెట్టినంక పైసలిస్తననెతందుకు?"

నేను జేబులోంచి తాత గడియారం తీసి, గొలుసు విప్పి ఉంచుకుని, గడియారాన్ని మంచం మీద పెట్టాను. మా మాట చాలనివాడికి అది చాలాలి. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. మూత తెరిచి లోపలి నెంబరు చూశాడు. తన చేతి గడియారంతో పోల్చాడు. మా తాత వస్తువును ఒక మనిషి అనుమానించడం నేను చూడడం అదే మొదలు.

"మీది జర వెనక నడుస్తది సాబ్."

"అది ఎవరి టైముకూ నడవదు," అన్నాను.

ఆయన గిటారును పెట్టెలో సర్దడానికి లోపలికి తీసుకెళ్లబోయాడు. లోపల ఇంకో గిటారు లేదని నాకేం తెలుసు? మా కల్లాల్లో వడ్లు కొలిచే ముందు రాశి మీద బూడిదతో ముద్ర వేసేవారు. రాత్రి ఎవరు చెయ్యి పెట్టినా పొద్దున ముద్ర చెదిరి కనబడేది. నేను మంచినీళ్లడిగి ఆయన్ని అటు పంపి, పాన్‌డబ్బాలోంచి గోటి మీద సున్నం తీసి, గిటారు వెనక మెడను బిగించిన ఇనుప రేకు మూలన బొట్టు పెట్టాను. ఆయన సర్ది ఇచ్చిన పెట్టెను తీసుకుని, గడియారం అక్కడే వదిలి ఇంటికి వచ్చాను.

యాంప్ పట్టుకుని ఆర్కెస్ట్రా అతను జనగామ నుంచి గడీకి వచ్చాడు. తన గదిలోనే చూద్దామన్నాడు కాని, మా పద్ధతి మాదని నేను ఒప్పుకోలేదు. సదరులో తెల్లదుప్పటి పరిచాను. అమ్మ తలుపు చాటున కుర్చీ వేసుకుంది. అతను ప్లగ్గు పెట్టి మీట తిప్పాడు.

తీగ ముట్టకముందే యాంప్ తుమ్మెదలా జుమ్మని మోగడం మొదలుపెట్టింది. మీట తగ్గించినా అదే మోత. నేను తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గింది కాని వేళ్లు జివ్వుమన్నాయి. చెయ్యి లాక్కున్నాను.

"గిటారుకు ఏం కాలే దొరా," అన్నాడు. "మీ ఇంట్ల కరెంటు మంచిగ లేదు."

"ఈ ఇంట్లో కరెంటు నీకంటే ముందు నుంచి ఉంది."

"అందుకే అంటున్న. గప్పటి వైర్లు."

"గార్డు నీకెంత ఇస్తానన్నాడు?"

అతను ప్లగ్గు పీకి, వైరు చుట్టి, యాంప్ భుజానికెత్తుకున్నాడు. అరుగు దిగాక మాత్రం ఆగాడు. "మా తాత మీ ఇంట్ల ఊదిన సన్నాయికి కరెంటు లేకుండె. మా అదృష్టం. లేకుంటే గదానికి గూడ దలాలీ ఎంతని అడిగెటోళ్లు." వెళ్లిపోయాడు.

అమ్మ బయటికి వచ్చింది. "బిడ్డా, గడియారం ఎప్పుడొస్తది?"

"గిటారు వాపసు ఇస్తే వస్తుంది."

"గా గార్డు ఇయ్యాల్టికి ఉన్నడో, మద్రాసు రైలెక్కిండో. అప్పుడేం జేస్తవు? దాన్ని పట్టుకుని అడుక్కుంటవా?"

నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే గిటారును బోర్లా తిప్పి చూశాను. సున్నం బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. గార్డు వస్తువు మార్చలేదు. ఆయన పైకి బాగు చేయించి పాడు వస్తువే ఇచ్చాడా, ఆర్కెస్ట్రా అతని యాంప్‌లోనే కిటుకు ఉందా, రెండూ కాదా? ఇలా కూర్చుంటే తేలేది కాదు. నాయిన ఉంటే ఇద్దరినీ పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టేవాడు. పిలిస్తే వచ్చేవాళ్లు నాకు లేరు కనుక నేనే వెళ్లాను.

జనగామలో అతని గది సైకిల్ దుకాణం మీద ఉంది. చెక్కమెట్లు ఎక్కి వెళ్లేసరికి ఆర్కెస్ట్రా వాళ్లు చాప మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఎవరూ లేవలేదు. అతను నన్ను చూసి, మాట్లాడకుండా అదే యాంప్ చూపించాడు. ప్లగ్గు నేనే పెట్టాను, మీట నేనే తిప్పాను.

చప్పుడు లేదు. యాంప్ ఎర్రదీపం వెలుగుతోంది, అంతే. కింద సైకిల్ చక్రం తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఏమైంది దొరా," అన్నాడు అతను చాయ్ గ్లాసు దించకుండా. "మీ తుమ్మెద రాలేదా? మీ వెంటనే వస్తదనుకున్న."

చాప మీదివాళ్లు నవ్వారు. వాళ్లు కూర్చున్నారు, నేను నిలబడ్డాను. గిటారు మెడలో వేసుకుని వాయించాను. జివ్వుమనలేదు. లావు తీగ మీటితే చప్పుడు ముందు నేలలోకి వెళ్లి, తర్వాత నా మడమల్లోంచి పైకి వచ్చింది. డోలక్ అతను గ్లాసు పక్కన పెట్టి తాళం అందుకున్నాడు. ఎంతసేపు వాయించానో గుర్తులేదు. ఆపాక ఆర్కెస్ట్రా అతను, "హనుమకొండోనికి కబురు పంపలే ఇంక," అన్నాడు. దలాలీ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్కడి నుంచే మానుకోట వెళ్లాను. గార్డు ఉన్నాడు. తలుపు తీసి ముందు గిటారును తీసుకుని, నేను చూసినట్టే మెడ పొడవునా చూశాడు. వెనక్కి తిప్పాడు.

"ఈ సున్నమెవరిది సాబ్? నా గిటార్ పాన్ తినదు."

ఆయన గోటితో గీకి తుడిచాడు.

"మీరూ శంకగల్ల మనిషే. నేనూ గంతే. రాత్రి పండుకునేముందు మీ గడియారం దిండు కింద పెట్టుకున్న," అన్నాడు. "ఇగ ఒక సంగతి వినుండ్రి. అన్నిట్ల సన్నతీగ మీద ఏడో మెట్టు కాడ మోత నిలవది. ఊకె సచ్చిపోతది. కొత్తగున్నప్పటిసంది గట్లనే. నేనెన్నడు ఆడ ఆగలే, దాటుకుంట పోయిన. మీరు గూడ ఆగకుండ్రి."

మంచం మీద కూర్చుని మీటి చూశాను. నిజమే. పక్క మెట్ల మీద మోత నిలబడి, అక్కడ మాత్రం పుటుక్కున ఆగింది. జనగామలో నేను పట్టుకోలేకపోయాను. ఆయన చెప్పకపోతే చాలా రోజులు పట్టుకోలేకపోయేవాణ్ని. అమ్మేవాడు తన వస్తువు లోపం తానే చెప్పడం మా సదరులో నేనెప్పుడూ వినలేదు.

"గడియారం వెనక నడుస్తుందని మా తాతకు తెలుసు," అన్నాను. "ఎన్నిసార్లు బాగు చేయించినా అంతే."

"తెలుసు. రోజూ చూస్తున్న." గడియారం తీసి చేతిలో పెట్టుకున్నాడు, నాకు ఇవ్వలేదు. "నౌకరి అంత రైలు టైముకే బతికిన సాబ్. ఇగ జర వెనక నడిచేదే కావాలె. దీన్ని ఉంచుకుంట. దీని ఖరీదు పోంగ మిగిలినయి పైసలియ్యండ్రి."

ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. బంగారం మీద ఆశ అయి ఉండవచ్చు. అయినా తల ఊపాను.

మూడు రోజుల తర్వాత కరెంటాఫీసు మనిషి వచ్చి గడీ అంతా చూసి, ఈ ఇంట్లో ఎర్త్ అనేది ఎన్నడూ వేయలేదని, ఆ మోత అందుకేనని చెబితే, అమ్మ తలుపు చాటు నుంచే, "గా గార్డు పంపిండేమో అడుగు," అంది.

తాత గడియారం మద్రాసు వెళ్లింది. గార్డుకు ఇవ్వాల్సిన మిగతా పైసల కోసం దాని బంగారు గొలుసును జనగామలో సేటు దుకాణంలో తూకం వేయించి అమ్మాము.